మూడో గడిలో సున్నా

సుధీర్ చేతిలో మార్కర్ పెన్ను తెల్లబోర్డు మీద కీచుమంటోంది, గీతకొక కీచు, నిలువుగా ఆరు, అడ్డంగా నాలుగు, చివరి అడ్డగీత కుడివైపుకు వచ్చేసరికి కిందికి జారింది, చెరిపి మళ్లీ గీస్తాడేమో అని చూశాను, గీయలేదు, వేలికంటిన నల్లరంగు ప్యాంటుకు తుడుచుకుని మా వైపు తిరిగాడు. కోదాడ చర్చి మేడ మీద హాలు ఇది. పదకొండున్నర దాటింది. మా మిషను కమిటీ మూడేళ్లకోసారి ఇక్కడ కూర్చుని ఏ ప్రజల మధ్య పనిచేయాలో, దేన్ని ముందు పెట్టాలో, దేన్ని వదిలేయాలో తేలుస్తుంది. ఇదివరకు మోకాళ్ల మీద ప్రార్థన చేసి తేల్చేవాళ్లు, లేచాక ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ల ఊరు ముందుకొచ్చేది. ఈసారి సుధీర్ హైదరాబాదులో ఆరు నెలల శిక్షణ పొంది వచ్చాడు కాబట్టి మార్కులు వేసి తేలుస్తాం. ఐదు ప్రశ్నలు, ప్రశ్నకు పది. అవసరం ఎంత ఉంటే మార్కులు అన్ని. సువార్త విననివాళ్లు ఎందరు, వేరేవాళ్లెవరైనా అక్కడ పనిచేస్తున్నారా, సొంత భాషలో దేవుని వాక్యం అవసరం ఉందా, ఆ జనంలోంచే నడిపించేవాళ్లు లేరా, తలుపు తెరిచి ఉందా. ఒంటిగంటకల్లా అయిపోవాలి, ఎందుకంటే ఒంటిగంటకు భోజనాలు, కింద వంటవాళ్లు ఇప్పటికే పప్పు తాలింపు వేశారు, ఎండుమిర్చి కాస్త మాడింది, వాసనలోనే తెలుస్తోంది.

నేను మూడో వరుసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను, ఒళ్లో ఫైలు. ఫైలు మీద నా చెయ్యి ఉంది. ఆ చెయ్యి నాదేనని చూస్తే తెలుస్తోంది, చూడకపోతే తెలియడం లేదు. పోయిన ఏడాది సూర్యాపేటలో పన్ను తీయించుకున్నప్పుడు ఇలాగే ఉండింది, సూది వేశాక చెంప మొద్దుబారి, నీళ్లు తాగితే గదవ మీదుగా కారి పైటంతా తడిసినా తెలియలేదు, పక్కన కూర్చున్నావిడ చెప్తే చూసుకున్నాను. పన్నెండు రోజులుగా నేను మొత్తం ఆ చెంపలాగే ఉన్నాను. అన్నం వండుతున్నాను, చీరలు ఆరేస్తున్నాను, ఆదివారం చిన్నపిల్లలకు పాట నేర్పాను. పన్నెండు రోజుల కింద మా తండా సంఘంలోని ద్వాళిని మట్టిచేసి వచ్చాం. తండాలో అందరూ ఏడుస్తుంటే నేను సమాధి చుట్టూ పరచిన తంగేడు కొమ్మలను చూస్తూ నిలబడ్డాను, ఒక కొమ్మ తిరగబడి ఉంది, వంగి సరిచేశాను, నా వల్ల అయింది అదొక్కటే.

"ముందు మిర్యాలగూడ," అన్నాడు సుధీర్. జీవన్ లేచాడు. మిర్యాలగూడ జీవన్, మిల్లుల మధ్య రెండేళ్లుగా తిరుగుతున్నవాడు, ముప్పై ఏళ్లుండవు, చొక్కా కాలరు లోపల ఊక దుమ్ము ఎప్పటికీ వదలదు అనిపిస్తుంది. బీహారు నుంచి వచ్చిన హమాలీలు, ఒక్కో మిల్లులో నలభై యాభై మంది, రేకుల గదుల్లో ఉంటారు, వాళ్లతో మాట్లాడేవాడు లేడు, జ్వరం వస్తే దవాఖానలో తమ నొప్పి ఎక్కడో చెప్పుకోలేరు, అని చెప్తున్నాడు, చెప్తున్నకొద్దీ గొంతు వణుకుతోంది, నిజంగానే వణుకుతోంది, నటించడం లేదు. ఒకరోజు బస్తాల దొంతర కూలి ఒకతని కాలు విరిగితే తాను దుబాసిగా పోయానని, ఆ రాత్రి పదకొండుమంది తన మాట వినడానికి కూర్చున్నారని చెప్పాడు. ఆ మిల్లులు నేనూ చూశాను. ఒకసారి సత్యానందంతో వెళ్లాను. సత్యానందం నా భర్త, సంఘకాపరి, ఇప్పుడు మొదటి వరుసలో కుడివైపు చివర కూర్చుని మోకాలి మీద చేత్తో రాసుకుంటున్నాడు. స్టేషను దాటాక వరుసగా పొగగొట్టాలు, ఉడకబెట్టిన వడ్ల వాసన, ఆ వాసన తియ్యగా మొదలై గొంతులో పుల్లగా దిగుతుంది, ఒక పిట్టగోడ మీద ఆరేసిన ఎర్ర గంచా తువ్వాళ్లు, ఒకతను నా వంక చూసి చప్పున కుండలోని నీళ్లు గ్లాసుతో ముంచి ఇచ్చాడు. ఏమని అనాలో తెలియక తల ఊపాను. జీవన్ చెప్పేది అబద్ధం కాదు. అందుకే నాకేమీ చెప్పబుద్ధి కావడం లేదు. తొమ్మిది, ఎనిమిది, మూడో గడిలో పది, తొమ్మిది, ఎనిమిది. నలభై నాలుగు. సుధీర్ ఫోను తీసి కూడేలోపే నేను కూడేశాను.

"రెండోది మునగాల దాబాలు, లారీ డ్రైవర్లు." మునగాల నుంచి వచ్చినాయన ఏదో చెప్పబోయాడు, కమిటీ అధ్యక్షుడు రాందాస్ సారు చెయ్యెత్తి ఆపారు. రాందాస్ సారు ఇక్కడే కోదాడలో హెడ్‌మాస్టరుగా రిటైరయ్యారు, డెబ్బై దాటినా బోర్డు ముందు ఎవరు నిలబడ్డా వాళ్లను విద్యార్థిలాగే చూస్తారు. "అది మంచి పనే, కాదనను. కానీ వాళ్లు రొట్టె తిని, చెయ్యి కడుక్కుని, బండెక్కే లోపల మారుమనస్సు పొందాలి కదయ్యా. అపొస్తలులకు కూడా అంత తక్కువ టైం ఇవ్వలేదు ప్రభువు." అందరూ నవ్వారు. మునగాలాయన కూడా నవ్వాడు. ముప్పై మూడు. నేనూ నవ్వాను అనుకుంటాను, పెదవులు కదిలినట్టుంది. తలుపు దగ్గర, చెప్పులు విడిచినచోట, కుర్చీలు ఖాళీగా ఉన్నా గోడకానుకుని నిలబడ్డ బిచ్చా మాత్రం నవ్వలేదు, మార్కులు చూస్తున్నాడు. బిచ్చా ద్వాళికి మరిది. మేస్త్రీ పని చేస్తాడు. తండా సంఘానికి పెద్ద. పదకొండేళ్లుగా ఈ కమిటీ కూటాలకు వస్తున్నాడు, వచ్చినప్పుడల్లా చివర్లో ముగింపు ప్రార్థన అతనిదే, అది తప్ప ఇంకేదైనా అతన్ని అడిగామా అని వెనక్కి పోయి వెతుకుతున్నాను, ఒకసారి అడిగాం, ఈ మెట్ల గోడకు ఎన్ని బస్తాల సిమెంటు పడుతుందని.

"ఇగ మూడోది, మన పెన్‌పహాడ్ దగ్గరి తండా," అన్నాడు సుధీర్, మన అన్న మాట దగ్గర గొంతు మెత్తబడింది. "ఇది సంతోషమైన సంగతి అయ్యగారూ. పందొమ్మిదేండ్ల పని. ఫారం సరోజమ్మ గారు నింపిండ్రు, ఉన్నది ఉన్నట్టు రాసిండ్రు, ఇంత నీటుగ ఎవ్వరు రాయలే." నా పేరు వినబడింది. ఫారం నింపింది నేనే. నెలన్నర కింద, సోమవారం, పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే, వంటింటి గట్టు మీద కాగితం పెట్టుకుని, కింద తడి ఉందేమోనని గుడ్డతో తుడిచి మరీ. విననివాళ్లు ఎందరు, దాదాపు లేరు, అందరూ విన్నారు. వేరేవాళ్లెవరైనా, ఒకరిద్దరు వస్తూ పోతూ ఉన్నారు. సొంత భాషలో వాక్యం అవసరం ఉందా. కాస్త కూడా ఆగలేదు. అవసరం లేదు, అందరికీ తెలుగు వచ్చు అని రాశాను, గుండ్రటి అక్షరాలతో, వచ్చు కింద ఒత్తు బాగా కుదిరింది కూడా. అప్పుడే కుక్కరు మూడో విజిల్ వేసింది, లేచి కట్టేసి, వచ్చి నాలుగో ప్రశ్నలో పడ్డాను. డిగ్రీ చదివాను, తెలుగు ప్రత్యేకాంశంగా తీసుకున్నాను, ఒకరి ఉత్తరంలో తప్పుంటే నాకు అన్నం సయించదు. అప్పటికి ద్వాళి బతికే ఉంది.

సుధీర్ రాస్తున్నాడు. రెండు. మూడు. సున్నా. సున్నాను రెండుసార్లు తిప్పాడు, గట్టిగా కనబడాలని. ఒకటి. ఐదు. బీహారు నుంచి రైల్లో రెండు రోజులు ప్రయాణం చేసి వచ్చినవాళ్లకు తెలుగు రాదు కాబట్టి పది. రెండు వందల ఏళ్లుగా మన పొలాల గట్ల మీదే ఉండి, మన దగ్గరే కూలి చేసి, మన మాట మర్యాదగా నేర్చుకున్నారు కాబట్టి సున్నా. వాళ్లు నేర్చుకున్నందుకు సున్నా. ఈ ఆలోచన నాకు ఇప్పుడే వచ్చిందా, పన్నెండు రోజులుగా ఉందా తెలియదు, వచ్చి అలా నిలబడింది, నొప్పి లేదు, చెంప మీద ఎవరో వేలితో తడుతున్నట్టు ఉంది అంతే.

ద్వాళి ఉంటే నవ్వేది. దేనికైనా నవ్వేది. నేను మొదటిసారి తండాకు పోయినప్పుడు పొలం గట్టు మీద నడవలేక మళ్లో పడితే, నారు కట్ట పక్కన పెట్టి, కడుపు పట్టుకుని నవ్వి, "అమ్మగారూ, దేవుని మాట చెప్పేదానికి వచ్చినవా, ఎడ్లకు పోటీ వచ్చినవా" అన్నది. మా ఇంటికి వస్తే గడపలో కూర్చునేది, లోపలికి రమ్మంటే బీడీ కాల్చుకోవాలె అనేది. నా మజ్జిగ తాగి గ్లాసు లోపలికి చూసి, "మజ్జిగనా ఇది, గిన్నె కడిగిన నీళ్లా? అయ్యగారు గిందుకే గిట్ల బక్కగున్నడు." తెలుగులోనే. అన్నీ తెలుగులోనే. ఆమె తెలుగు నా తెలుగు కన్నా బతికి ఉండేది, నేను పుస్తకంలోంచి ఏరుకుంటే ఆమె మడిలోంచి పీకేది. తెల్లారకముందు చీకట్లో ఇంటి వెనక కూర్చుని తనలో తాను ఏదో గొణుక్కునేది, ప్రార్థన, అది మాత్రం వాళ్ల భాషలో. ఒకసారి తండాలో మీటింగుకని ఉండిపోయినప్పుడు విన్నాను. పొద్దున్నే అడిగి ఉండవచ్చు. ఏమని ప్రార్థిస్తావు ద్వాళీ, మీ భాషలో దేవుణ్ణి ఏమని పిలుస్తావు, అని ఒక్క మాట. అడగలేదు. టీలో అల్లం వేయాలా అని అడిగాను.

బాప్తిస్మం రోజు కాలువ గట్టు మీద ఆమె చేతి గాజులు తీసింది నేనే. మోచేతి నుంచి భుజం దాకా తెల్లటి గాజులు, సబ్బు నురగ రాసి ఒక్కొక్కటే జార్చాను, అద్దాల రవికె, గాగరా విప్పించి తెల్లచీర కట్టించాను. పాతవి గతించాయి అని పెద్దలు చెప్పమన్నారు, చెప్పాను. గాజుల కింద చర్మం పాలిపోయి ఉండింది, ఎండ తగలని చర్మం, దాన్ని ఆమె ఎవరిదో చెయ్యి చూసినట్టు చూసుకుంది. ఎనిమిదేళ్లకు మిషను ఆదివారం మొదలైంది, సూర్యాపేటలో పెద్ద కూటం, పోస్టరు కావాలి, ఫోటో కావాలి, తండా విశ్వాసులు వాళ్ల వేషంలో వస్తే బాగుంటుందని తీర్మానం. ఆ మాట మోసుకుపోయింది కూడా నేనే. ద్వాళి నా మొహం చూసి, "అప్పుడు ఇప్పమంటిరి, ఇప్పుడు తొడగమంటిరి. యేసయ్యకు ఏదిష్టమో జర ఒక్కసారి తేల్చి చెప్పుండ్రి అమ్మగారూ" అన్నది. తనవి ఎప్పుడో అమ్మేసింది కాబట్టి సంఘంలోకి రాని ఆడబిడ్డ దగ్గర అడిగి తెచ్చుకుని వేసుకుంది, రవికె వదులైతే నేనే వెనక పిన్నులు పెట్టాను, పిన్నులు ఫోటోలో పడకూడదని పక్కకు తిప్పి నిలబెట్టాను. ఆ తర్వాత ఏటా అలాగే తెచ్చుకునేది, ఏటా మా పోస్టరు మీద అరువు రవికెతో నవ్వేది. ఈ హాలు గోడ మీద కూడా ఒకటి ఉంది. అటు చూడకుండా కూర్చున్నాను ఇందాకటి నుంచి.

దవాఖాన. ఆమెకు పక్షవాతం వచ్చిందని బిచ్చా ఫోను చేస్తే సూర్యాపేట దవాఖానకు పోయాను, మూడు రోజులు పోయాను, పొద్దున పోయి సాయంత్రం వచ్చేదాన్ని. కుడి చెయ్యి పడిపోయింది. మూతి కాస్త వంకరపోయింది కానీ మాట ఉంది. మాట ఉంది, తెలుగు లేదు. మొత్తం పోయింది. డాక్టరమ్మను అడిగితే, తర్వాత నేర్చుకున్న భాష ఒక్కోసారి ఇలా ముందు పోతుందమ్మా, చిన్నప్పటిది మిగులుతుంది, అని చెప్పి పక్క మంచం దగ్గరికి పోయింది. నేను కీర్తన చదివాను. ద్వాళికి ఇష్టమైన కీర్తన, ఇష్టమైనదని నేననుకున్నది. ఆమె నా పెదవుల వంక చూస్తూ ఉంది, బస్టాండులో తనది కాని బస్సు బోర్డు చూసినట్టు, చూసి, మెల్లగా కోడలు సంతోషి వైపు తిరిగి ఏదో అడిగింది. సంతోషి దిండు సర్దింది. ఆమె మళ్లీ అడిగింది. ఏమంటున్నది అని నేను అడిగాను. "ఏం లేదు అమ్మగారు." చెప్పమన్నాను. సంతోషి మంచం మీది దుప్పటి అంచు వేలికి చుట్టుకుంటూ, "ఈమె ఎవలు, ఎందుకు కూసున్నది అంటున్నది" అన్నది. అయ్యగారి భార్య అని చెప్పు అన్నాను. చెప్పింది. ద్వాళి నన్ను చూసి మర్యాదగా తల ఊపింది. కొత్తవాళ్లకు ఊపినట్టు.

మూడో రోజు వార్డు ఊడ్చే ఆమె వచ్చింది, నడివయసు మనిషి, వాళ్లవాళ్లే, ఏ తండానో ఏమో, చీపురు గోడకానించి మంచం పక్కన గొంతుకూర్చుని ఏదో అన్నది. ద్వాళి కళ్లు తెరిచి ఎడమచేత్తో ఆమె మణికట్టు పట్టుకుంది. ఇక ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు, అరగంట, వార్డు సగమే ఊడ్చి ఉంది, ఒకసారి ద్వాళి ఏదో అంటే ఊడ్చే ఆమె పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు, ఆ నవ్వు తెప్పించే ద్వాళి నాకు తెలుసు, మజ్జిగ గురించి అంటుందే ఆ ద్వాళి, మంచం మీద మొత్తంగా ఉంది, ఏమీ పోలేదు, నాకు తప్ప అందరికీ ఉంది. నేను ఒళ్లో బైబిలు పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాను. మధ్యలో ఊడ్చే ఆమె నన్ను కాళ్లు కాస్త పైకి తీయమన్నది, తీశాను, నా కింద ఊడ్చింది. మర్నాడు తెల్లారకముందే ద్వాళి పోయింది. చివర్లో ఏమన్నదని నేను సంతోషిని అడగలేదు. ఆ ఇంటివాళ్ల మాట అది.

పదకొండు అని రాశాడు సుధీర్, దాని చుట్టూ సున్నా చుట్టాడు. "పదకొండు అంటే అయ్యగారూ, అవసరం దాదాపు తీరింది అని. ఇంత తక్కువ రావడమే గొప్ప. దీన్నే పూర్తయిన క్షేత్రం అంటరు." చప్పట్లు. రాందాస్ సారు ముందు బల్ల మీది సంచిలోంచి శాలువా తీసి ఒళ్లో పెట్టుకున్నారు, సత్యానందానికి కప్పడానికి. వచ్చే నెల నుంచి తండాలో రేకుల షెడ్డు కింద ఆరాధన ఉండదు. ముప్పై ఒక్కమందీ ఆటోలెక్కి పెన్‌పహాడ్ సంఘానికి రావాలి. మేమిద్దరం మిర్యాలగూడకు పోయి జీవన్‌కు తోడు నిలబడాలి. సత్యానందం మెడ వెనక భాగం కనిపిస్తోంది నాకు, వెంట్రుకలు నెరిసి, కాలరు దగ్గర చెమట. పందొమ్మిదేళ్లు, ముందు సైకిలు, తర్వాత పాత బండి, వానాకాలం బండి బురదలో దిగబడితే చెప్పులు చేత్తో పట్టుకుని, ఆ మోకాలు అలా అరిగిందే ఆ దారిలో. ఆయనకు ఎవరైనా అయిపోయింది, బాగా చేశావు అని చెప్పాలి. ఆయన ఆ మాట కోసం ముందుకు వంగి కూర్చున్నాడు, బడిలో బహుమతి పేరు పిలుస్తారని కూర్చున్న పిల్లవాడిలా. నేను ఊరుకుంటే ఆ మాట ఆయనకు దక్కుతుంది. ఊరుకోవడం నాకు తెలిసిన పనే, ఇప్పుడు ఇంకా తేలిక, చెంప నాది కాదు కదా.

"ఎవరికైనా అభ్యంతరం ఉందా? లేకపోతే ఆమేన్ అనండి, తీర్మానం రాసేద్దాం," అన్నారు రాందాస్ సారు.

నేను లేచి నిలబడి ఉన్నాను. ఎప్పుడు లేచానో తెలియదు. ఫైలు కింద పడింది, ఆ చప్పుడుకు అందరూ తిరిగారు.

"మూడో గడిలో నేను రాసింది తప్పు," అన్నాను. నా గొంతు మామూలుగానే ఉంది, కూరలో ఉప్పు ఎక్కువైందని చెప్పినట్టు. "తెలుగు చాలునా అని నేను తండాలో ఎవర్నీ అడగలేదు. అడగకుండనే రాసిన."

సుధీర్ మార్కరు మూత పెట్టి మళ్లీ తీశాడు. "అందరికీ తెలుగు వచ్చు గదా మేడం?"

"వచ్చు. పందొమ్మిదేండ్లల్ల మాకు వాళ్లది ఒక్క మాట రాదు. ద్వాళి ప్రార్థన ఏ మాటతోటి మొదలయితదో నాకు తెల్వదు. మా ఆయనకు తెల్వదు."

సత్యానందం వెనక్కి తిరిగాడు. "సరోజా, కూసో," అన్నాడు. కోపంగా కాదు, ఎండలో ఎక్కువసేపు నిలబడ్డ మనిషిని నీడకు పిలిచినట్టు.

తలుపు దగ్గర నుంచి బిచ్చా అన్నాడు, "అయ్యో గట్ల కాదు అమ్మగారూ. మాకు తెలుగు సరిపోతది. మీరు ఏం పరేషాన్ కాకుండ్రి." ఎంత శుభ్రమైన తెలుగు. నన్ను కాపాడుతున్నాడు. పందొమ్మిదేళ్లుగా ఇలాగే కాపాడుతున్నారు కాబోలు, తెలుగులో నవ్వి, తెలుగులో ఏడ్చి, మేము ఇబ్బంది పడకుండా, ఇంటికొచ్చిన చుట్టాలకు వాళ్లు తినేదే వండిపెట్టినట్టు.

"సరే, మారుద్దాం. ఎంత వేయమంటరు?" సుధీర్ సున్నాను గుడ్డతో తుడిచాడు, రెండుసార్లు తిప్పి రాశాడు కదా, మరక మిగిలింది.

"నాకు తెల్వదు."

"అక్కా, ఒక మాట," జీవన్ లేచాడు, పాపం చెమటలు పట్టి ఉన్నాడు, అతని హమాలీలు అతనికి కనబడుతున్నారు, "పది వేసినా ఇరవై ఒకటే అయితది. అప్పటికీ ఆఖరుదే. మరి మా మిల్లు..."

"అవును తమ్ముడూ, ఇరవై ఒకటే. నేనూ కూడిన. మీ మిల్లులే ముందు పెట్టుండ్రి, అది న్యాయం. తండాను ఎత్తేయాలంటే ఎత్తేయండి. పూర్తయిందని మాత్రం రాయకుండ్రి."

కింద స్టీలు పళ్లాలు దొంతరగా పెడుతున్న చప్పుడు. రాందాస్ సారు ఒళ్లోని శాలువా వంక చూశారు, దాన్నేం చేయాలో తెలియనట్టు, తర్వాత కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, నాకు తెలిసినంతలో మొదటిసారి, తలుపు వైపు తిరిగారు. "ఏమయ్యా బిచ్చా. ఇట్లా ముందుకు రా. కుర్చీలో కూర్చో. అమ్మగారు అడగలేదంటున్నారు, నేనూ అడగలేదు, నలభై ఏళ్లు పిల్లల్ని ప్రశ్నలడిగిన వాణ్ణి. నువ్వే చెప్పు, ఆ గడిలో ఎంత?"

బిచ్చా ముందుకు రాలేదు. గోడకానుకున్నవాడు నిటారుగా నిలబడ్డాడు. బోర్డు వంక, నా వంక, సత్యానందం వంక చూశాడు, అరచేతిలో సిమెంటుకు పగిలిన చర్మాన్ని బొటనవేలితో గీరుకున్నాడు. "నేనొక్కణ్ణి చెప్పేది కాదు సారూ. ముసలోళ్లున్నరు, ఆడోళ్లున్నరు, తెలుగు మీడియం సదివే పోరగాండ్లున్నరు, ఒక్కొక్కలు ఒక్కో తీరు అంటరు. నాకు ఇరవై రోజులియ్యుండ్రి. అందర్ని కూసోబెట్టి అడిగి చెప్త."

"ఇరవై రోజులంటే మన ప్లాన్ పంపే డేట్..." అన్నాడు సుధీర్.

"పంపు. ఆ గడి ఖాళీగా పంపు," అన్నారు రాందాస్ సారు. "మార్కు వేయని పేపరు నేనూ పంపాను సర్వీసులో. ఆకాశం ఊడి పడలేదు." ఎవరూ నవ్వలేదు. మిర్యాలగూడ ముందు అని తీర్మానం రాశారు, జీవన్ మొహం చేతులతో కప్పుకున్నాడు, తండా పేరు ఎదురుగా 'తర్వాత' అని రాశారు. పదకొండును కూడా సుధీర్ చెరిపేశాడు. చుట్టూ చుట్టిన సున్నా మాత్రం అలాగే ఉండిపోయింది, లోపల ఏమీ లేకుండా.

మెట్లు దిగుతున్నప్పుడు సత్యానందం కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టు దిగుతున్నాడు, నేను పక్కనే. కింది మలుపు వచ్చింది. అక్కడ ఆగి, "చెప్పేదుంటే ఇంట్ల చెప్తే అయిపోతుండె గదా," అన్నాడు. నేను ఆయన మోచెయ్యి పట్టుకున్నాను. బరువు నా మీద వేశాడు, వేయకుండా పోలేదు. చెమట, పాత షర్టు, ఆయన వాసన. ఇది తగిలింది. కొంచెం తగిలింది, మత్తుమందు దిగుతున్నప్పుడు మొదట అంచుల్లో సూదులు గుచ్చుకుంటాయే అలా. "నిన్న చెప్పాలనే అనుకున్న," అన్నాను. అబద్ధం. నిన్న నేనేమీ అనుకోలేదు.

భోజనాల దగ్గర వరుస పొడుగ్గా ఉంది. ఆయన కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు, ఆయనకూ నాకూ కలిపి రెండు పళ్లాలు పట్టుకుని వరుసలో నిలబడ్డాను. పళ్లెం తడిగా ఉంది, పైట కొంగుతో తుడుస్తున్నాను. బిచ్చా వచ్చి వెనక నిలబడ్డాడు.

"బిచ్చా, ఎప్పుడు కూసుంటరు అందరు? ఆదివారం పెట్టుకుంటే నేను పొద్దున్నే వస్త. నోటుబుక్కు తెస్త, ఒక్కొక్కరు చెప్పేది రాసుకుంట." మాటలు త్వరత్వరగా వస్తున్నాయి, నాకే వింతగా ఉంది. ఎన్నాళ్లకో ఒక పని కనబడింది.

అతను దొంతరలోంచి ఒక పళ్లెం తీసుకున్నాడు.

"అమ్మగారూ, ఏమనుకోకుండ్రి," అన్నాడు. "మీరు రావద్దు. మీరుంటే అందరు తెలుగులనే మాట్లాడుతరు."

సరే అన్నాను. వరుసలో నా ముందు ఇంకా నలుగురున్నారు.